రెండోసారి తెరవని పేజీ

నా సర్వీసు మొత్తంలో నా ఫైల్లోకి చేరిన మెమో ఒక్కటే. దాని గురించి చెప్పమని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. రిటైరైన వాళ్ళని అందరూ సాధించినవాటి గురించే అడుగుతారు. కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వస్తున్న మీకు మాత్రం ముందుగా ఆ మెమో సంగతే చెప్పాలనిపిస్తుంది. నేను పనిమంతురాలినే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. పనిమంతులు చేసే తప్పులు వేరుగా ఉంటాయి, అందుకే చెబుతున్నాను.

మా ఆయన వైమానిక దళంలో పని చేసేవారు. బదిలీ మీద విజయనగరం పిల్లనైన నేను ఢిల్లీ కంటోన్మెంటుకి వచ్చి పడ్డాను. పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో తోచక, టైపు పరీక్ష సర్టిఫికెట్టు పట్టుకుని పశ్చిమ ఢిల్లీలో ఒక ట్రస్టు ఆసుపత్రికి వెళ్ళాను. రికార్డుల సెక్షన్లో టైపిస్టుగా తీసుకున్నారు. కొన్నేళ్ళకి ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చాయి. మిగతావాళ్ళు వాటి మీది ప్లాస్టిక్ ముసుగు తియ్యడానికే జంకుతుంటే నేను తీసి కూర్చున్నాను. అలా కూర్చున్నదాన్ని లేవలేదు. రెండువేల సంవత్సరం దాటేసరికి ఆసుపత్రిలో కంప్యూటర్ సెక్షన్ అంటే నేనూ, ఇంకొక్కరూ. అందరూ నన్ను కంప్యూటర్ మేడమ్ అనేవారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఆ ఇంకొక్కరు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి వచ్చిన హవల్దారు. రోహతక్ దగ్గరి పల్లె. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. కేబుళ్ళు లాగడం, నెట్‌వర్కు చూడడం ఆయన పని. ఆయన గోడకి మేకు కొడితే అది మళ్ళీ ఊడేది కాదు. ఆయన మాట్లాడే హరియాణా హిందీ మొదటి ఏడాది నాకు సగమే అర్థమయ్యేది, నా హిందీ ఆయనకి పావు వంతు. అయినా ఎప్పుడూ పని ఆగలేదు.

అప్పట్లో మా రక్తపరీక్షల ఫలితాలు లోపలి నెట్‌వర్కులో ఒక వెబ్ పేజీగా వచ్చేవి. ల్యాబ్ వాళ్ళు తమ మిషన్లో అంకెలు ఎక్కిస్తారు, వార్డులో నర్సు రోగి నంబరు కొడితే పేజీ తెరుచుకుంటుంది. కాగితం పట్టుకుని మెట్లెక్కే పని తప్పిందని అందరూ సంతోషించారు. చిక్కల్లా బ్రౌజరుతోనే వచ్చింది. కంప్యూటరుతో పాటు వచ్చిన బ్రౌజరులో పేజీ తెరిస్తే చాలు, దాని మీద నాలుగు ప్రకటనల కిటికీలు ఊడిపడేవి. ఒకరోజు పిల్లల వార్డు మిషన్లో జూదం ఆట ప్రకటన తెర నిండా వచ్చి ఎంతకీ పోలేదు. ఎవరో ఏదో నొక్కడం, వైరస్ రావడం, నేను పరుగెత్తడం. ఒకసారి ల్యాబ్ మిషనే పడిపోయింది. పూట పని పోయింది.

అలాంటి రోజుల్లో ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో కొత్త బ్రౌజరు కనిపించింది. భూగోళాన్ని చుట్టుకున్న నక్క బొమ్మ గుర్తు. ఉచితం. పైగా దాన్ని ఎలా రాశారో ఆ కోడు మొత్తం ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇంట్లో మా ఆయన కంప్యూటర్లో వేసి నెల రోజులు వాడాను. ప్రకటనలు ఊడిపడలేదు. ఒకే కిటికీలో నాలుగు పేజీలు పక్కపక్కనే తెరుచుకోవడం చూసి మా ఆయన కూడా ముచ్చటపడ్డారు.

మా సూపరింటెండెంటు బెంగాలీ సర్జను. తూచి మాట్లాడే మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను.

"ఊరికే ఇచ్చేదాన్ని నమ్మవచ్చా?" అన్నారు.

"ఊరికే ఇస్తున్నారని కాదు సార్, తెరిచి చూపిస్తున్నారని నమ్ముతున్నాను. వేలమంది చూస్తున్నారు. లోపముంటే ఎవరో ఒకరు బయటపెడతారు."

"మన ఆసుపత్రిలో ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

ఆయన సంతకం పెట్టారు. ఆ మాట నేను ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

శని, ఆదివారాల్లో నేనూ హవల్దారు సాబూ కలిసి ఇరవై ఆరు మిషన్లలో దాన్ని వేశాం. వెయ్యడం పది నిమిషాల పని. ఆ తర్వాతి అమరికకే సమయం పట్టింది. పాత బ్రౌజరులో దాచుకున్న చిరునామాలు ఇందులోకి తేవాలి, తెరవగానే ల్యాబ్ పేజీ వచ్చేలా పెట్టాలి, ప్రకటనలు రాకుండా ఆపాలి. పాతదాని బొమ్మ తెర మీద ఉంటే అలవాటుకొద్దీ దాన్నే నొక్కుతారని తీసేశాను. సోమవారం ఉదయం వరసగా ఫోన్లు. నీలం రంగు అక్షరం ఏదీ అని ఒకరు, ఇంటర్నెట్ పోయిందని ఇంకొకరు. ఒక పెద్ద డాక్టరుగారైతే తన మిషన్లో దొంగలు పడ్డట్టే మాట్లాడారు. మధ్యాహ్నానికల్లా హవల్దారు సాబ్ ప్రతి మానిటరుకీ ఒక కాగితం అంటించారు. "ఇంటర్నెట్ ఎక్కడికీ పోలేదు. నక్క మీద నొక్కండి" అని హిందీలో, పెద్ద అక్షరాలతో. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి.

ఒక్క మెడికల్ వార్డు సిస్టరు మాత్రం ఫోను చెయ్యలేదు. ఆమె కేరళ మనిషి, ఇరవై ఏళ్ళుగా ఆ వార్డులోనే. కొత్త బ్రౌజరు ఎలా వాడాలో నేను చూపిస్తే ఒక్కసారే చూసి నేర్చేసుకుంది. అయినా తెర మీద అంకె చూసి పక్కనే ఉన్న పొడుగాటి రిజిస్టరులో రాసుకుంటూనే ఉంది.

"ఇంకా చేత్తో రాయడం ఎందుకు సిస్టర్? అన్నీ ఇందులోనే ఉంటాయి కదా," అన్నాను.

"ఉండనివ్వండి మేడమ్. నా చేతికి అలవాటు," అంది రాస్తూనే.

నేను నవ్వాను. ఆ నవ్వులో కాస్త జాలి కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఆ వానాకాలం చివర ఢిల్లీలో డెంగ్యూ జోరుగా వచ్చింది. వరండాల్లో కూడా మంచాలు వేశాం. డెంగ్యూ వచ్చిన వాళ్ళకి రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మరీ పడిపోతే ఒంట్లో ఎక్కడినుంచైనా రక్తం కారుతుంది. అందుకని రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి లెక్క చూసేవారు. అందరూ ఒకేసారి పేజీలు తెరవడంతో ఫలితాలన్నీ ఉండే మా ముసలి సర్వరు నీరసించిపోయింది. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి నిమిషం. "మేడమ్, మీ నక్క నిద్రపోతోంది," అని వార్డుల నుంచి ఎత్తిపొడుపులు.

నేను ఊరుకునే రకం కాదు. ఆ బ్రౌజరులో పైకి కనపడని సెట్టింగుల జాబితా ఒకటి ఉంది. చిరునామా గడిలో ఒక మాట కొడితే చాంతాడంత జాబితా తెరుచుకుంటుంది. వేగం పెంచే చిట్కాలంటూ ఇంటర్నెట్లో ఎవరో రాసినవి చదివాను. బ్రౌజరు తాను చూసిన ప్రతి పేజీకీ ఒక కాపీ తన దగ్గర దాచుకుంటుంది. మళ్ళీ అదే పేజీ అడిగితే, దాచుకున్నది పాతబడిందా అని సర్వరుని కనుక్కుంటుంది. ఆ కనుక్కోవడం మానిపిస్తే పేజీ క్షణంలో వస్తుంది. మా ప్రతి పేజీ నెత్తినా ఆసుపత్రి చిహ్నం బొమ్మ ఇంత పెద్దది ఉండేది. దాన్ని రోజుకి వందసార్లు సర్వరు నుంచి తెచ్చుకోవడం దండగ కదా అనుకున్నాను. నా ధ్యాసంతా ఆ బొమ్మ మీదే ఉంది. అంకెలు కూడా అదే దారిలో వస్తాయన్న ఆలోచన నాకు రాలేదు.

ఒక గురువారం పొద్దున్నే ఆరున్నరకి ఆసుపత్రికి వెళ్ళాను. నా సెక్షన్లో మిషన్ మీద ముందు ప్రయత్నించాను. నలభైమంది రోగుల పేజీలు తెరిచాను. అన్నీ సరిగ్గా వచ్చాయి, టకటకా వచ్చాయి. ఇక హవల్దారు సాబూ నేనూ చెరో అంతస్తూ పంచుకుని, పాత కాపీలన్నీ తుడిచేసి, తొమ్మిది లోపల మిషన్లన్నిట్లో ఆ మార్పు చేసేశాం. క్యాజువాలిటీ మిషన్లో ఇద్దరు డాక్టర్లకి వేరువేరు లాగిన్లు ఉంటే రెండింటిలోనూ గుర్తుపెట్టుకుని మార్చాను. తొమ్మిదిన్నరకి పొద్దుటి రిపోర్టులు వచ్చాయి. పదిన్నరకి మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. జలుబు చేసిన ముక్కు తెరుచుకున్నట్టుందని ఒక డాక్టరు అన్నాడు. నేను టీ తెప్పించుకుని, కాళ్ళు చాపుకుని తాగాను.

రెండున్నరకి మెడికల్ వార్డు సిస్టరు ఫోను.

"మేడమ్, ఒకసారి పైకి రండి."

"ఏమైంది సిస్టర్? మిషన్ ఆగిందా?"

"ఆగలేదు. బాగానే ఉంది. మీరు రండి."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనమే నాకు నచ్చలేదు. మెట్లు ఎక్కి వెళ్ళాను. ఆమె రిజిస్టరు తెరిచి మిషన్ పక్కన పెట్టి ఉంచింది.

"నా దగ్గర డెంగ్యూ పేషెంట్లు పదకొండుమంది. ఇవి పొద్దుటి అంకెలు, నా చేతి రాత. ఇవి ఇప్పుడు తెర మీదవి. చూడండి."

పదకొండు అంకెలూ అవే.

"ఒకరికి మారకపోవచ్చు. ఇద్దరికి మారకపోవచ్చు. పదకొండుమందికీనా?" అంది. "ఇందాక ఆ మీ భాష అమ్మాయి నోరు పుక్కిలిస్తే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. చిన్న డాక్టరుకి చెబితే తెర చూసి అరవై రెండు వేలున్నాయి, బ్రష్షు గీరుకుని ఉంటుందన్నాడు. పెద్ద డాక్టరు రేపు ఇంటికి పంపొచ్చని రాసి వెళ్ళారు. నాకు నమ్మకం కుదరక ల్యాబ్‌కి ఫోను చేశాను. మధ్యాహ్నం లెక్క పద్నాలుగు వేలంటున్నారు."

మా భాష అమ్మాయి అంటే వరంగల్ నుంచి వచ్చిన పిల్ల. ఇరవై మూడేళ్ళుంటాయి. ఓల్డ్ రాజిందర్ నగర్లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. తెలుగమ్మాయి ఉందని సిస్టరు చెబితే ముందురోజు చారన్నం డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చాను. నాలుగు ముద్దలు తిని, ఢిల్లీ వచ్చాక ఇదే మంచి చారని చెప్పింది.

నేను మౌస్ అందుకుని ఆ అమ్మాయి పేజీ మీద, సర్వరు నుంచి కొత్తగా తెప్పించే రీలోడ్ బటన్ నొక్కాను. అరవై రెండు పోయి పద్నాలుగు వచ్చింది.

ఆ క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. ఎవరూ వివరించక్కర్లేదు. పొద్దున ఒకసారి చూసిన పేజీనే బ్రౌజరు తన దగ్గరున్న కాపీలోంచి తీసి చూపిస్తోంది. కొత్తది ఉందా అని సర్వరుని అడగడం లేదు. అడగొద్దని చెప్పింది నేనే. నా పరీక్షలో నలభైమంది పేజీలు తెరిచాను, నిజమే. ప్రతి పేజీనీ ఒక్కసారే తెరిచాను. ఏ ఒక్క పేజీనీ రెండోసారి తెరిచి చూడలేదు.

"ఏంటిది మేడమ్?" అంది సిస్టరు, మారిన అంకె చూసి.

"తర్వాత చెబుతాను సిస్టర్. ముందు పెద్ద డాక్టరుని పిలవండి. తెర చూడొద్దు, అన్నిటికీ ల్యాబ్‌నే అడగండి."

ఆమె అప్పటికే డాక్టరు నంబరు తిప్పుతోంది. నేను పక్క టేబులు మీది ఫోను అందుకుని ఒక్కొక్క వార్డుకే చెప్పుకుంటూ వెళ్ళాను. "తెర మీద అంకె నమ్మొద్దు. ల్యాబ్‌కి ఫోను చేసి అడిగి రాసుకోండి. నేను చెప్పేవరకూ ఇంతే." ఎందుకని అడిగిన వాళ్ళకి, తప్పు చూపిస్తోంది అని మాత్రం చెప్పాను. తర్వాత హవల్దారు సాబ్‌ని పిలిచి, పొద్దున చేసినదంతా తిరగెయ్యాలని చెప్పాను. ఆయన పైఅంతస్తు నాది, కింద మీది అని పరుగు తీశారు. గంటన్నరలో ముగించాం.

ఈలోగా వార్డులో పనులు జరిగిపోతున్నాయి. మిగతా పదిమందిలో ఒక ముసలాయనకి కూడా లెక్క తగ్గింది గాని భయపడాల్సినంత కాదు. అమ్మాయికి మాత్రం వెంటనే ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. ఆమెతో పాటు గదిలో ఉండే స్నేహితురాలు కోచింగులో అందరికీ ఫోన్లు చేసింది. కొత్తగా వేసిన మెట్రో ఎక్కి పన్నెండుమంది పిల్లలు వచ్చి, చంకల్లో పుస్తకాలతోనే రక్తనిధి ముందు వరసకట్టారు. ఐదు గంటలకి మొదటి సంచీ ఎక్కడం మొదలైంది.

నాలుగున్నరకే సూపరింటెండెంటుగారి గదికి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి ల్యాబ్ ఇన్‌ఛార్జి నిలబడి ఉన్నారు. లక్నో వైపు పెద్దమనిషి, ఎవరితోనూ గొంతు పెంచని మనిషి. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"పన్నెండు నలభైకి ఎక్కించాను సాబ్. నా మిషన్లో సమయం కూడా ఉంది. కావాలంటే చూడండి," అంటున్నారు.

"ఎక్కిస్తే వార్డులో ఎందుకు రాలేదు? రెండు గంటలు ఆలస్యం. అమ్మాయి ప్రాణం మీదికి వచ్చింది," అన్నారు సూపరింటెండెంటు. పక్కనున్న క్లర్కుతో, "ల్యాబ్‌కి మెమో టైపు చెయ్," అన్నారు.

ఆ గదిలో జరిగిందేమిటో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. బయట హవల్దారు సాబ్‌కి సగం తెలుసు. సిస్టరుకి అంకె మారడం తెలుసు, ఎందుకు మారిందో తెలియదు. నెట్‌వర్కులో ఏదో అయిందంటే ఆ రోజుల్లో ఎవరూ పట్టుకోలేరు. ఈ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కుర్చీ వెనక్కి జరిపినంతసేపు నిలిచింది.

"మెమోలో పేరు మార్చాలి సార్," అన్నాను. "ల్యాబ్ తప్పేం లేదు. తప్పు నాది."

ఏం చేశానో, ఎందుకు చేశానో, పరీక్ష ఎలా తప్పిందో చెప్పాను. ఐదు నిమిషాలు పట్టింది.

చివరికి సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఊరికే వచ్చినదాన్ని తెచ్చి పెడితే ఇలాగే ఉంటుంది. రేపటికల్లా దాన్ని తీసి పాతది పెట్టండి."

నాకు శిక్ష పడితే పడనీ అనుకున్నాను గాని, ఈ మాట మాత్రం ఒప్పుకోలేకపోయాను.

"తీసెయ్యమంటే తీసేస్తాను సార్. కానీ తప్పు దానిది కాదు. అది తన పద్ధతిలో ఉంటే ఈ పేజీని ప్రతిసారీ సర్వరుని అడిగే తెస్తుంది. నిన్నటిదాకా అలాగే తెచ్చింది. అడగొద్దని దాని నోరు కట్టేసింది నేను. పాతది పెడితే ఈ రద్దీలో ల్యాబ్ మిషన్ మళ్ళీ వైరస్‌తో పడిపోతుంది. అప్పుడు తప్పు అంకె కాదు, అసలు అంకే ఉండదు. నాకు మెమో ఇవ్వండి. బ్రౌజరుని ఉంచండి."

తప్పు చేసిన మనిషి ఇంత గట్టిగా వాదించడం ఆయనకి కొత్త అయి ఉంటుంది. "మీ మార్పులన్నీ తీసేశారా?" అన్నారు.

"తీసేశాను సార్. అన్ని మిషన్లలోనూ."

"ఇకమీదట వార్డు సిస్టరు చూసి సరేననకుండా ఒక్క సెట్టింగు కూడా ముట్టుకోవద్దు," అన్నారు. క్లర్కు వైపు తిరిగి, "పేరు మార్చు," అన్నారు.

బయటికి రాగానే ల్యాబ్ ఇన్‌ఛార్జి నాకు నమస్కారం పెట్టారు. నేను తలెత్తి చూడలేకపోయాను. ఆయనకి ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో నాకు తెలుసు. హవల్దారు సాబ్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"నా చేత్తో కూడా సగం మిషన్లు మార్చాను మేడమ్‌జీ. నా పేరు కూడా రాయించాల్సింది."

"మీకు మార్చమని చెప్పింది నేను."

"ఫౌజులో అలా కుదరదు."

"ఇది ఫౌజు కాదు సాబ్," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, టీ తాగుదాం రమ్మన్నారు. ఆ టీలో ఆయన ఎప్పుడూ వేసుకునే మూడు చెంచాల పంచదార కూడా వేసుకోలేదు.

శుక్రవారానికి అమ్మాయి లెక్క ముప్పై వేలకి చేరింది. చిగుళ్ళ రక్తం ఆగింది. శనివారం పొద్దున నలభై ఎనిమిది. గండం గడిచిందన్నారు డాక్టరు. నా గండం మాత్రం అలాగే ఉంది. ఆసుపత్రి అంతటికీ తెలిసింది, తెలియనిది ఆ మంచం మీదున్న పిల్లకీ, ఆమె అక్కకీ మాత్రమే. వాళ్ళకి చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. సూపరింటెండెంటుగారిని అడిగాను. ఆయన, "చెప్పండి. నేను తర్వాత వచ్చి కలుస్తాను," అన్నారు.

అక్క గుర్గావ్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఢిల్లీలోనే మునిర్కాలో గది. మూడు రోజులుగా చెల్లెలి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళేసరికి కమలాఫలం వలుస్తోంది.

"రాండ్రి మేడం. మీ చారు సంగతి మా చెల్లె ఒక్కతీరుగ చెప్తుంది," అంది జరిగి చోటిస్తూ.

నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. సులువైన మాటల్లో చెప్పబోయాను గాని ఆమె మధ్యలోనే అందుకుంది.

"అంటే క్యాష్‌ల నుంచి, దాచిపెట్టుకున్న కాపీల నుంచి వచ్చిందా పేజీ?"

"అవునమ్మా."

"పొద్దుగాల అరవై రెండు వేలున్నయన్నరు గదా, మధ్యాహ్నం గూడ అదే చూసి ఇంటికి పంపుతమన్నరు. అదంతా దీనితోనేనా?"

"దీనివల్లే. నావల్లే."

ఆమె వలిచిన తొనలు కాగితం మీద పెట్టింది. "నేను చేసేది టెస్టింగ్ పనే మేడం. మార్చినంక అదే పేషెంటును రెండోసారి తెరిచి చూడలేదా?"

ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను ఎవరూ అంత సరిగ్గా పట్టుకోలేదు. సూపరింటెండెంటుగారి ముందు రాని తడబాటు అక్కడ వచ్చింది.

"చూడలేదమ్మా," అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో, రెండింటికీ సిద్ధపడి నిలబడ్డాను. మంచం మీది పిల్ల మాత్రం మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఇప్పుడన్నీ సక్కగ జేసిన్రా?" అంది అక్క చివరికి.

"చేశాం. ఇరవై ఆరు మిషన్లూ."

"ఎట్ల తెలుసు?"

చేశామని తెలుసు. చేసింది పనిచేస్తోందని చూసుకోలేదు.

"ఒక కాగితం ఇయ్యుండ్రి," అంది.

సిస్టరు రిజిస్టరు నుంచి ఒక తెల్లకాగితం చింపి ఇచ్చింది. అక్క దాన్ని చెల్లెలి మంచం అంచున పెట్టుకుని రాసింది. తొట్రుపాటు లేదు, కొట్టివేతలు లేవు. ఒకే రోగి పేజీ రెండుసార్లు తెరవాలి, మధ్యలో ల్యాబ్‌లో అంకె మార్చాలి. బ్రౌజరు మూసి తెరిచి మళ్ళీ చూడాలి. మిషన్ ఆపి తెరిచి మళ్ళీ చూడాలి. ఒక మిషన్లో ఎంతమందికి లాగిన్లు ఉంటే అన్నిట్లోనూ ఇదంతా విడివిడిగా చెయ్యాలి.

"అక్కా, ఆంటీకి గూడ పరీక్ష పెడ్తున్నవా?" అంది చెల్లెలు నీరసంగా నవ్వి.

"పెట్టనీ అమ్మా. మొన్నటిది తప్పాను కదా," అన్నాను.

అక్క నవ్వలేదు. కాగితం నా చేతికిచ్చి, "అయినంక నాకొచ్చి చెప్పుండ్రి," అంది.

ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడిగితే, లేని రోగి పేరుతో ఒక నంబరు సృష్టించి, తన కుర్చీలో కూర్చుని అంకెలు మారుస్తూ పోయారు. హవల్దారు సాబ్ ఫోను పట్టుకున్నారు. సిస్టరు నా పక్కన నిలబడింది. ఒక్కో మిషన్ దగ్గర ఆ కాగితంలో ఉన్నదంతా వరసగా చేశాం. మొదటి పద్దెనిమిదీ సరిగ్గా ఉన్నాయి. సిస్టరుకి కాళ్ళు నొప్పులు, అయినా కూర్చోలేదు.

పంతొమ్మిదోది క్యాజువాలిటీ మిషన్. మొదటి లాగిన్‌లో అంకె మారింది. రెండో లాగిన్‌లోకి వెళ్ళి పేజీ తెరిచాను. ముప్పై. "మార్చండి," అని హవల్దారు సాబ్ ఫోనులో చెప్పారు. మళ్ళీ తెరిచాను. ముప్పై. మూసి తెరిచాను. ముప్పై.

ఆ బ్రౌజరులో ఏ లాగిన్ సెట్టింగులు ఆ లాగిన్‌వే. గురువారం పొద్దున తీరుబడిగా రెండింట్లోనూ మార్చాను. మధ్యాహ్నం కంగారులో ఒకదాన్నే సరిచేశాను. ఆ రెండో లాగిన్ డాక్టరు బుధవారం నుంచి సెలవులో ఉన్నాడు, సోమవారం డ్యూటీకి వస్తాడు. సూపరింటెండెంటుగారితో అన్ని మిషన్లలోనూ తీసేశానని చెప్పిన నా మాట అప్పటికి రెండు రోజులుగా అబద్ధమే.

నేను సెట్టింగు సరిచేసి, పేజీ తెరిచాను. "మార్చండి," అన్నాను. మళ్ళీ తెరిచాను. నలభై ఒకటి వచ్చింది. సిస్టరు ఆ అంకెని తన రిజిస్టరులో రాసుకుంది. మిగిలిన ఏడు మిషన్లూ కూడా చూశాక, నేను ఒక్కదాన్నే మెడికల్ వార్డుకి వెళ్ళి, ఒక్కటి దొరికిందని అక్కకి చెప్పాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. లేచి తన స్టూలు నా వైపు జరిపి, "కూసోండ్రి మేడం," అంది.